కాలేజీ బిగ్ మ్యాన్ ఎన్‌బీఏలో నిలుస్తాడా? డ్రాఫ్ట్‌కి ముందే అంచనా వేయడం ఎలా

ఏటా మార్చిలో అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదలవగానే పాఠకులు ఒకటే అడుగుతారు: "ఏడడుగుల మనిషి, మ్యాచ్‌కి 20 పాయింట్లు కొడుతున్నాడు, డ్రాఫ్ట్ లిస్టుల్లో ఎక్కడో అడుగున ఎందుకున్నాడు?" జూన్‌లో డ్రాఫ్ట్ (వృత్తి లీగ్ ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం) అయ్యాక అదే ప్రశ్న తిరగబడుతుంది: "పది పాయింట్లు కూడా కొట్టనివాణ్ని మొదటి రౌండ్‌లో ఎలా తీసుకున్నారు?"

రెండింటికీ జవాబు ఒకటే. కాలేజీలో బిగ్ మ్యాన్ (రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) కొట్టే పాయింట్లలో చాలా భాగం ఎన్‌బీఏకి వెంట రావు. వెంట వచ్చేవి వేరే ఉన్నాయి: కాళ్ల కదలిక, చేతుల పట్టు, చెయ్యెత్తితే అందే ఎత్తు, ఫ్రీ త్రో, పాస్ ఇచ్చే తెలివి. దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడిగా ఎంపికైన ముగ్గురు బిగ్ మెన్‌ని చూడండి. అయోవా ఆటగాడు లూకా గార్జా 2021లో ఆ గౌరవం అందుకుని, అదే ఏడాది డ్రాఫ్ట్‌లో 52వ స్థానంలో వెళ్లాడు. 2022లో మ్యాచ్‌కి 15.1 రీబౌండ్లతో (గురితప్పిన షాట్ బంతిని అందుకోవడం) అది గెలిచిన కెంటకీ ఆటగాడు ఆస్కార్ షీబ్వేని 2023 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2023లో, 2024లో వరసగా గెలిచిన పర్డ్యూ ఆటగాడు జాక్ ఈడీ 9వ స్థానంలో ఎన్‌బీఏ జట్టు మెంఫిస్‌కి వెళ్లాడు. అవార్డు ఒకటే, దారులు మూడు. ఈ తేడాని డ్రాఫ్ట్‌కి ముందే పట్టుకునే పద్ధతి ఇది.

కావలసినవి

ఒక ఆటగాడికి నాలుగైదు గంటలు పడుతుంది. దగ్గర పెట్టుకోవలసినవి:

- ఆటగాడి పుట్టిన తేదీ. ఏ సంవత్సరం విద్యార్థి అన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదు.
- స్పోర్ట్స్ రిఫరెన్స్ కాలేజీ బాస్కెట్‌బాల్ పేజీ, బార్ట్ టోర్విక్ సైట్. రెండూ ఉచితమే. రెండోదాంట్లో బలమైన జట్ల మీద ఆడిన మ్యాచ్‌లను విడిగా వడకట్టుకోవచ్చు. రింగ్ దగ్గర ఎన్ని షాట్లు వేశాడు, ఎన్ని డంకులు కొట్టాడు అన్నదీ ఉంటుంది.
- మేలో షికాగోలో జరిగే డ్రాఫ్ట్ కంబైన్ (డ్రాఫ్ట్ ఆశావహుల్ని కొలిచి పరీక్షించే శిబిరం) కొలతలు.
- కనీసం నాలుగు పూర్తి మ్యాచ్‌ల వీడియో. హైలైట్స్ పనికిరావు.
- గళ్ల కాగితం, పెన్ను. లేదా ఎక్సెల్ షీట్.

అమెరికాలో ఉండి, ఆ ఆటగాడి యూనివర్సిటీలోనే చదువుకుంటున్నవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది, బిగ్ మ్యాన్ పనేమో సగానికి పైగా బంతి లేనప్పుడే జరుగుతుంది. గ్యాలరీలో కూర్చుంటే అదంతా కనిపిస్తుంది. గంట ముందే వెళ్లి వార్మప్ కూడా చూడండి.

అడుగు 1: వయసు, నిమిషాలు, జట్టు రాసుకోండి

కాగితం పైన ముందు డ్రాఫ్ట్ రోజుకి అతని వయసు రాయండి. 22 ఏళ్ల సీనియర్ ఎదుట నిలబడేవాళ్లలో చాలామంది తనకన్నా మూడు నాలుగేళ్లు చిన్నవాళ్లు, ఒళ్లు ఇంకా గట్టిపడనివాళ్లు. వాళ్లని భుజంతో తోసుకుంటూ కొట్టిన పాయింట్లకి ఎన్‌బీఏలో విలువ బాగా తగ్గుతుంది. అదే పని 18 ఏళ్లవాడు చేస్తే లెక్క వేరు.

2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అందుకే రెండో రౌండ్ స్థాయి బిగ్ మెన్ చాలామంది కాలేజీలోనే ఇంకో ఏడాదో రెండేళ్లో ఉండిపోతున్నారు, జట్లు మారుతున్నారు. కాబట్టి సీజన్లను కలిపి చూడకండి. ప్రతి సీజన్‌కి ఒక పంక్తి కేటాయించి నిమిషాలు, ఫౌళ్లు, ఫ్రీ త్రో శాతం పక్కపక్కన రాయండి. ఈడీ మొదటి ఏడాది మ్యాచ్‌కి సుమారు 15 నిమిషాలు ఆడినవాడు, చివరికి 32 నిమిషాలు ఆడాడు. అంత భారీ మనిషి అంతసేపు కోర్టులో నిలబడటమే ఒక నైపుణ్యం. ఏడాదికేడాది పెరుగుదల కనిపించని 22 ఏళ్లవాణ్ని మాత్రం నమ్మకండి.

తక్కువ నిమిషాలు ఆడినంత మాత్రాన ఎవరినీ కొట్టిపారేయకండి. వాకర్ కెస్లర్ నార్త్ కెరొలైనాలో బెంచి మీదే ఎక్కువ కూర్చున్నాడు. ఆబర్న్‌కి మారాక మ్యాచ్‌కి 4.6 బ్లాకులు (ప్రత్యర్థి షాట్‌ని చేత్తో ఆపడం) చేశాడు, 2022లో 22వ స్థానంలో వెళ్లాడు, మొదటి సీజన్‌లోనే ఆల్-రూకీ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాళ్ల) మొదటి జట్టులో చోటు సంపాదించాడు.

హెచ్చరిక: 20 మ్యాచ్‌ల కన్నా తక్కువ ఆడినవాడి గణాంకాల మీద ఏ నిర్ణయమూ కట్టకండి. జేమ్స్ వైజ్‌మన్ మెంఫిస్ యూనివర్సిటీకి 3 మ్యాచ్‌లే ఆడి 2020లో 2వ స్థానంలో వెళ్లాడు. అలాంటివాడి విషయంలో అంకెల గడి ఖాళీగా ఉంచడమే నిజాయితీ.

అడుగు 2: అసలు కొలతలు చూడండి

కాలేజీ రోస్టర్లో (జట్టు జాబితాలో) రాసే ఎత్తుకి తరచూ బూట్ల మందం కలుస్తుంది, కొన్నిసార్లు అదనంగా ఒక అంగుళం కూడా. కంబైన్‌లో బూట్లు లేకుండా కొలిచినదే తీసుకోండి. అంతకన్నా ముఖ్యమైనది నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు. బ్లాక్ చేసేది, రీబౌండ్ అందుకునేది చేత్తోనే కదా. మెడ పొడుగ్గా ఉన్న ఏడడుగులవాడి కన్నా భుజాలు ఎత్తుగా, చేతులు పొడుగ్గా ఉన్న 6 అడుగుల 10 అంగుళాలవాడు రింగ్‌కి దగ్గరగా ఉండొచ్చు.

రింగ్ ఎత్తు 10 అడుగులు, అంటే 305 సెంటీమీటర్లు. మీరు పెట్టుకోదగ్గ గీతలు:

- అందే ఎత్తు 9 అడుగుల 2 అంగుళాలు దాటితే: సెంటర్‌గా (రింగ్ దగ్గర కాపలా ఉండే స్థానం) కొలతల బెంగ లేదు.
- 9 అడుగుల దగ్గర ఉంటే: కాళ్లు చురుగ్గా ఉండాలి, లేదా బయటినుంచి షాట్ ఉండాలి.
- 8 అడుగుల 10 అంగుళాల కింద ఉంటే: సెంటర్ అని రాయకండి. ఫార్వర్డ్‌గా నిలబడగలడా అన్న కోణంలో మొదటినుంచి చూడండి.

కంబైన్‌కి రాకపోతే పక్కన కొలత తెలిసిన ఆటగాడు నిలబడిన ఫొటోలతో పోల్చండి. ఆ అంచనా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పరుగు, గెంతు పరీక్షల్ని ఇక్కడ పట్టించుకోవద్దు. బిగ్ మ్యాన్ చురుకుదనం వీడియోలో తెలిసినంతగా స్టాప్‌వాచ్‌లో తెలియదు.

అడుగు 3: అంకెల్ని 40 నిమిషాలకి మార్చండి

ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో తెలియకుండా మ్యాచ్ సగటుల్ని పోల్చడం తప్పు. సగటుని నిమిషాలతో భాగించి 40తో గుణించండి. 2015 డ్రాఫ్ట్‌లో మొదటి మూడు స్థానాల్లో వెళ్లిన ఇద్దరు బిగ్ మెన్‌తో ఒకసారి చేసి చూద్దాం.

డ్యూక్ ఆటగాడు జలీల్ ఒకఫోర్: 30.1 నిమిషాల్లో 17.3 పాయింట్లు, 8.5 రీబౌండ్లు, 1.4 బ్లాకులు.
కెంటకీ ఆటగాడు కార్ల్-ఆంథొనీ టౌన్స్: 21.1 నిమిషాల్లో 10.3 పాయింట్లు, 6.7 రీబౌండ్లు, 2.3 బ్లాకులు.

పైపైన చూస్తే ఒకఫోర్ ఎక్కడో ఉన్నాడు. 40 నిమిషాలకి మారిస్తే ఒకఫోర్‌కి 23 పాయింట్లు, 11.3 రీబౌండ్లు, 1.9 బ్లాకులు; టౌన్స్‌కి 19.5 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 4.4 బ్లాకులు. పాయింట్ల తేడా కుంచించుకుపోయింది, రీబౌండ్లు తారుమారయ్యాయి, బ్లాకులు రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ ఏడాది కెంటకీ 38 మ్యాచ్‌లు వరసగా గెలిచింది. జట్టు నిండా బిగ్ మెన్ ఉండటంతో కోచ్ నిమిషాలు పంచి ఆడించాడు. టౌన్స్ సగటు తక్కువగా కనిపించింది అందుకే.

తర్వాత ఈ ఐదూ రాయండి. గీతలు శాసనాలు కావు, జల్లెడ పట్టడానికి మాత్రమే.

1. బ్లాక్ శాతం. అతను కోర్టులో ఉన్నప్పుడు ప్రత్యర్థి వేసిన ప్రతి 100 రెండు పాయింట్ల షాట్లలో ఎన్ని ఆపాడు అన్నది. 7 దాటితే బాగుంది, 10 దాటితే చాలా అరుదు. 4 కింద ఉన్న సెంటర్‌కి రింగ్ కాపలా పని ఎవరూ అప్పగించరు.
2. ఆఫెన్సివ్ రీబౌండ్ శాతం, అంటే తన జట్టు తప్పిన షాట్లలో ఎన్నింటిని తిరిగి అందుకున్నాడు అన్నది. 10 దాటాలి. ఇది కాలేజీ నుంచి ఎన్‌బీఏకి బాగానే వెంట వస్తుంది.
3. ఫౌళ్లు. కాలేజీలో 40 నిమిషాల మ్యాచ్‌కి 5 ఫౌళ్ల పరిమితి, ఎన్‌బీఏలో 48 నిమిషాలకి 6. భాగించి చూడండి, నిష్పత్తి ఒక్కటే, పైకి వెళ్తే వెసులుబాటు ఏమీ పెరగదు. 40 నిమిషాలకి 4 లోపు మంచిది. 6 దాటితే ఎందుకు చేస్తున్నాడో వీడియోలో వెతకాల్సిందే.
4. అసిస్టులు (తోటివాడు పాయింట్లు కొట్టేలా ఇచ్చిన పాస్‌లు), టర్నోవర్లు (చేజార్చుకున్న బంతులు). రెండూ దాదాపు సమానంగా ఉంటే బిగ్ మ్యాన్‌కి అది మంచి గుర్తు.
5. రింగ్ దగ్గర షాట్ల శాతం. 70కి అటూ ఇటూ ఉండాలి. 60 దగ్గర ఆగిపోయిన ఏడడుగులవాడికి చేతులో, గెంతో, బలమో ఏదో ఒకటి తక్కువైనట్టే.

అన్నీ రాశాక ఇదే పని బలమైన 50 జట్ల మీద ఆడిన మ్యాచ్‌లకి మాత్రమే మళ్లీ చేయండి. నవంబరు, డిసెంబరుల్లో పెద్ద కాలేజీలు బలహీన జట్లని పిలిచి ఆడుకుంటాయి. ఎదురుగా 6 అడుగుల 7 అంగుళాల సెంటర్ ఉన్నప్పుడు వచ్చిన బ్లాకులు, డంకులు ఈ వడపోతలో రాలిపోతాయి.

అడుగు 4: మూడు పాయింట్ల శాతం కన్నా ముందు ఫ్రీ త్రో చూడండి

కాలేజీ బిగ్ మ్యాన్ సీజన్ మొత్తానికి 40, 60 మూడు పాయింట్ల షాట్లు వేస్తాడు. 60 షాట్లలో 35 శాతం వేశాడంటే అసలు సత్తా 29 కావచ్చు, 41 కావచ్చు, ఆ కొద్ది షాట్లతో తేలదు. పైగా కాలేజీ గీత రింగ్‌కి 22 అడుగుల 1.75 అంగుళాల దూరం. ఎన్‌బీఏలో మూలల్లో 22 అడుగులు, మిగతా చోట్ల 23 అడుగుల 9 అంగుళాలు.

ఫ్రీ త్రోలు ఎక్కువ ఉంటాయి, ఎవరూ అడ్డురారు, దూరం మారదు. చేతి తీరు అక్కడ బయటపడుతుంది. కాలేజీలో ఆడిన అన్ని సీజన్ల త్రోలనీ ఇందుకు మాత్రం కలిపేయండి. కనీసం 100 ఉండాలి. 100కి 70 వేసినవాడి నిజమైన స్థాయి 65 నుంచి 75 మధ్య ఉండొచ్చని గుర్తుంచుకోండి. 75 దాటినవాడికి ముందుముందు బయటి షాట్ వస్తుందని ఆశపడొచ్చు. 60 కింద ఉన్నవాడికి, మూడు పాయింట్ల శాతం ఎంత బాగున్నా, ఆశ పెట్టుకోకండి.

2015కే మళ్లీ వెళ్దాం. టౌన్స్ కాలేజీలో వేసిన మూడు పాయింట్ల షాట్లు మొత్తం 8, పడినవి 2. ఫ్రీ త్రోలు 81.3 శాతం. 2022లో ఎన్‌బీఏ ఆల్-స్టార్ వారాంతపు మూడు పాయింట్ల పోటీ గెలిచింది అతనే. ఒకఫోర్ ఫ్రీ త్రోలు 51 శాతం, బయటి షాట్ చివరిదాకా రాలేదు. అదే డ్రాఫ్ట్‌లో 11వ స్థానంలో ఇండియానాకి వెళ్లిన టెక్సస్ ఆటగాడు మైల్స్ టర్నర్ కాలేజీలో మూడు పాయింట్ల షాట్లు 27.4 శాతమే వేశాడు, ఫ్రీ త్రోలు 83.9 శాతం. తర్వాత ఎన్‌బీఏలో బయటినుంచి వేసే సెంటర్‌గానే స్థిరపడ్డాడు. కొందరికి ఇది చాలా ఆలస్యంగా వస్తుంది. బ్రూక్ లోపెజ్ ఎన్‌బీఏ మొదటి 8 సీజన్లలో మూడు పాయింట్ల షాట్లు 31 వేసి 3 కొట్టాడు, తొమ్మిదో సీజన్‌లో ఏకంగా 134 కొట్టాడు. అన్నాళ్లూ ఫ్రీ త్రో లైన్ దగ్గర మాత్రం 80 శాతానికి దగ్గరగానే ఉన్నాడు.

అడుగు 5: డిఫెన్స్ వీడియో. సగం సమయం ఇక్కడే పెట్టండి

ఎన్‌బీఏలో బిగ్ మ్యాన్ బెంచి మీదికి వెళ్లేది పాయింట్లు కొట్టలేక కాదు, పిక్ అండ్ రోల్‌ని ఆపలేక. అంటే బంతి ఉన్న గార్డుని కాసేవాడికి ప్రత్యర్థి బిగ్ మ్యాన్ అడ్డుగోడగా నిలబడి (స్క్రీన్), వెంటనే రింగ్ వైపు పరిగెత్తడం (రోల్). ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి కోచ్ మొదట వెతికేది ఆ కాళ్లు కదలని మనిషినే. అందుకే మిగతా అడుగులన్నీ హడావిడిగా చేసినా ఇది మాత్రం నిదానంగా చేయండి.

మ్యాచ్‌ల ఎంపిక: ఏడడుగుల సెంటర్ ఉన్న జట్టు మీద ఒకటి, చురుకైన గార్డులు (బంతి నడిపే చిన్న ఆటగాళ్లు) ఉన్న జట్టు మీద రెండు, ఇతను ఘోరంగా ఆడిన మ్యాచ్ ఒకటి. నాలుగోది తప్పనిసరి. బాగా ఆడినరోజు అందరూ ఒకేలా కనిపిస్తారు.

ఈ నాలుగింటిలో ఇతను అడ్డుకోవలసి వచ్చిన పిక్ అండ్ రోల్స్ కనీసం 30 రాయాలి. గళ్ల కాగితంలో నాలుగు వరసలు గీయండి: ఏ పద్ధతిలో ఆపాడు (వెనక్కి తగ్గి, ముందుకొచ్చి అడ్డుపడి, లేదా స్విచ్, అంటే గార్డుని కాసేవాడితో మనిషిని మార్చుకుని), మొదటి అడుగు ఎలా ఉంది, షాట్ ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిది తప్పు.

బంతి ఉన్న గార్డు స్క్రీన్ దాటే క్షణంలో వీడియో ఆపండి. ఇప్పుడు బిగ్ మ్యాన్ ఒక్కణ్నే చూడండి. మోకాళ్లు వంగి ఉన్నాయా, నిటారుగా నిలబడ్డాడా? మడమలు నేలకి అతుక్కున్నాయా? చేతులు తొడల మీద ఉన్నాయా, పైకి చాచి ఉన్నాయా? నడుము గార్డు వైపు పూర్తిగా తిరిగిపోయిందా, లేక ఇటు గార్డుకీ అటు రింగ్ వైపు పరిగెత్తే బిగ్‌కీ మధ్య ఏటవాలుగా ఉందా? ఇప్పుడు ఒక్కో సెకను వదలండి. మంచివాడు వెనక్కి జారుతూ ఇద్దర్నీ తన ముందే ఉంచుకుంటాడు, గార్డు బంతి పైకెత్తేదాకా ఎటూ తేల్చడు. తొందరపడేవాడు గార్డు మీదికి ఉరుకుతాడు, తల మీదుగా లాబ్ వెళ్తుంది, డంక్ పడుతుంది. భయపడేవాడు రింగ్ కిందికి వెళ్లిపోతాడు, గార్డు ఖాళీగా ఎనిమిదడుగుల నుంచి వేసుకుంటాడు. ఈ రెండు తప్పులకీ వేర్వేరు గుర్తులు పెట్టండి. మొదటిది కోచింగ్‌తో చాలావరకు సరిదిద్దుకోవచ్చు. రెండోదాని వెనక సాధారణంగా కాళ్లలో వేగం లేకపోవడం ఉంటుంది, అది అంత తేలిగ్గా మారదు.

స్విచ్ అయినప్పుడు గార్డు మొదటి రెండు డ్రిబుల్స్ దాకా ఎదురుగా ఉండగలిగాడా అన్నదే ప్రశ్న. ఆ పైన షాట్ పడిందా లేదా అన్నది అదృష్టం, రాసుకోనక్కర్లేదు. ఇతనికి చేయి ఎత్తే దూరం మిగిలి ఉందా అన్నది రాయండి.

పిక్ అండ్ రోల్ కాకుండా ఇంకో మూడు లెక్కపెట్టండి. పక్కనుంచి సాయానికి రావలసినప్పుడు ఎప్పుడు బయల్దేరాడు: డ్రైవ్ చేసేవాడు పెయింట్‌లో (రింగ్ ముందున్న రంగు గడిలో) అడుగుపెట్టకముందా, రింగ్ దగ్గరికి చేరాకా? ఒకసారి గెంతి దిగాక రెండోసారి ఎంత త్వరగా లేచాడు? బ్లాక్ చేసిన బంతి కోర్టులో ఉందా, ప్రేక్షకుల్లోకి వెళ్లిందా? బంతి బయటికి పోతే అది ప్రత్యర్థికే తిరిగి వస్తుంది, సగం లాభం పోయినట్టే.

ఇక్కడ చాలామంది మరిచిపోయే నిబంధన ఒకటుంది. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరుండి కాయకుండా డిఫెండర్ పెయింట్‌లో మూడు సెకన్ల కన్నా ఎక్కువసేపు నిలబడకూడదు. కాలేజీలో ఆ నిబంధన లేదు. పైగా కాలేజీ పెయింట్ వెడల్పు 12 అడుగులు, ఎన్‌బీఏలో 16. అంటే కాలేజీలో రింగ్ కింద గుడారం వేసుకుని కూర్చున్నవాడు అక్కడ ప్రతిసారీ బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావాలి. కాబట్టి అతని ప్రతి బ్లాక్‌నీ రెండుగా విడదీయండి: ముందే అక్కడ నిలబడి ఉండి చేసినది, కనీసం రెండడుగులు కదిలొచ్చి చేసినది. మొదటి రకమే ఎక్కువైతే అడుగు 3లో రాసిన బ్లాక్ శాతానికి సగం విలువే ఇవ్వండి. జోన్ డిఫెన్స్ (మనిషిని కాక చోటుని కాసే పద్ధతి) ఎక్కువగా ఆడే జట్ల సెంటర్ల విషయంలో ఇది మరీ అవసరం.

హషీమ్ థబీట్ సంగతి ఈ సందర్భంలో తలచుకోవాలి. 7 అడుగుల 3 అంగుళాల మనిషి, 2008-09లో కనెక్టికట్ తరఫున మ్యాచ్‌కి 4.2 బ్లాకులు. 2009లో 2వ స్థానంలో మెంఫిస్ తీసుకుంది. ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేకపోయాడు. అంకెల్లో బ్లాకులు కెస్లర్‌కి ఏమాత్రం తీసిపోవు. తేడా అంతా కాళ్లలోనూ, బంతి పట్టే చేతుల్లోనూ ఉంది. అంకెలు చూసి ఆగిపోకూడదనేది అందుకే.

అడుగు 6: ఆఫెన్స్‌లో ముందు పోస్ట్-అప్‌లు తీసేయండి

రింగ్‌కి వీపు పెట్టి ఆడి సంపాదించిన పాయింట్లని పక్కన పెట్టండి. మిగిలినవి ఎన్ని? నాలుగు మ్యాచ్‌లకి చేతితో లెక్కపెట్టొచ్చు. 18 పాయింట్లలో 11 అలాగే వచ్చాయనుకోండి, ఎన్‌బీఏ జట్టు తీసుకుంటున్నది మిగిలిన 7 పాయింట్ల మనిషిని. అక్కడ ఏ కొత్త బిగ్ మ్యాన్‌కీ రోజుకి పదిసార్లు బంతి లోపలికిచ్చి "ఆడుకో" అనరు.

ఈడీ లాంటివాళ్లు మినహాయింపు. 7 అడుగుల 4 అంగుళాలు, ఆ బరువు ఉంటే పోస్ట్‌లో స్థలం సంపాదించుకోవడం ఎక్కడైనా కుదురుతుంది. ఆ కొలతలు లేనివాళ్లకి ఆ మినహాయింపు ఇవ్వకండి.

మిగతా వీడియోలో చూడాల్సినవి:

- స్క్రీన్: గార్డుని కాయేవాడు నిజంగా తగిలి ఆగుతున్నాడా? నడుస్తూ స్క్రీన్ పెట్టి ఫౌల్ తెచ్చుకుంటున్నాడా?
- చేతులు: పరిగెడుతూ అందుకోవలసిన 20 పాస్‌లు లెక్కపెట్టండి. నాలుగు కన్నా ఎక్కువ జారితే పెద్ద లోపం. చాలామంది స్కౌటింగ్ రిపోర్టుల్లో ఇది ఒక్క ముక్కతో దాటేస్తారు, కానీ రోల్ చేసే బిగ్‌కి ఇదే తిండి.
- బంతి ఎత్తు: పట్టుకున్నాక నడుము దాకా దించుతున్నాడా? దించితే ఎన్‌బీఏ గార్డులు కొట్టేస్తారు. గడ్డం పైనే ఉంచి ఒక్క డ్రిబుల్ లేకుండా ముగించేవాడు కావాలి.
- రెండు చేతులు: ఎడమవైపునుంచి కూడా కుడిచేత్తోనే వేస్తున్నాడా?
- పాస్: ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందుకున్నప్పుడు మూలలో ఖాళీగా ఉన్నవాణ్ని చూశాడా? ఎంతసేపటికి చూశాడు?

పాస్ విషయంలో అసిస్టుల అంకె మోసం చేస్తుంది. బ్యామ్ అడెబాయో కెంటకీలో 38 మ్యాచ్‌లకి 32 అసిస్టులే ఇచ్చాడు. 2017లో 14వ స్థానంలో మయామీకి వెళ్లాడు, 2019-20 వచ్చేసరికి మ్యాచ్‌కి 5.1 అసిస్టులు ఇచ్చాడు. కాలేజీలో అతనికి అప్పగించిన పని పరిగెత్తి డంక్ కొట్టడమే. కాబట్టి అసిస్టులు లేనిచోట రీబౌండ్ తీశాక మొదటి పాస్ ఎటు ఇస్తున్నాడు, డబుల్ టీమ్ వస్తే (ఇద్దరు కలిసి మీదికొస్తే) కంగారుపడుతున్నాడా, నడుస్తూ డ్రిబుల్ అదుపులో ఉంటుందా చూడండి.

అడుగు 7: ఆరోగ్యం

బయటివాళ్లకి వైద్య రిపోర్టులు దొరకవు. వార్తల్లో వచ్చినంతవరకు పాదం, వెన్ను, మోకాలు గాయాల్ని తేదీలతో రాయండి. గ్రెగ్ ఓడెన్ 2007లో మొదటి స్థానంలో వెళ్లి, మోకాళ్ల దెబ్బలతో ఎన్‌బీఏ కెరీర్ మొత్తంలో 105 మ్యాచ్‌లే ఆడగలిగాడు. జోయెల్ ఎంబీడ్‌కి 2014లో కాన్సాస్‌లో వెన్నెముక ఎముక చిట్లింది, డ్రాఫ్ట్‌కి కొద్దిరోజుల ముందు పాదం ఎముకకి శస్త్రచికిత్స జరిగింది, 3వ స్థానంలో వెళ్లి రెండు సీజన్లు పూర్తిగా ఆడలేదు, 2023లో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. గాయం ఉందని ఆటలో అతని గ్రేడు తగ్గించకండి. గ్రేడు ఒకచోట, ప్రమాదం ఇంకోచోట విడిగా రాయండి. ఎంత ప్రమాదం భరించాలన్నది తీసుకునే జట్టు నిర్ణయం.

అడుగు 8: ఒక వాక్యంలో పాత్ర రాసి, స్థానం ఇవ్వండి

"20 ఏళ్లు. బెంచి నుంచి 18 నిమిషాలు. పిక్ అండ్ రోల్‌లో వెనక్కి తగ్గి ఆపుతాడు, స్క్రీన్ పెట్టి రోల్ చేస్తాడు. బయటి షాట్ మూడేళ్లకి రావచ్చు. స్విచ్ చేయలేడు." ఇలా రాయడం రాకపోతే మళ్లీ అడుగు 5కి వెళ్లండి.

స్థానం ఇచ్చేటప్పుడు: మొదటి 14లో పెట్టాలంటే ఎన్‌బీఏలో మొదటిరోజే పనికొచ్చేవి రెండు ఉండాలి, అందులో ఒకటి డిఫెన్స్‌లో. 15 నుంచి 30 మధ్యకి అలాంటిది ఒకటి, దానికి తోడు చిన్న వయసో అరుదైన కొలతలో. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడితో ఒప్పందం నాలుగేళ్లకి, చివరి రెండేళ్లు జట్టు ఇష్టం. అందుకే ఇక్కడ జట్లు ఎదిగే వయసుకి డబ్బు పెడతాయి. రెండో రౌండ్‌లో, టూ-వే ఒప్పందాల్లో (ఎన్‌బీఏలోనూ దాని కింది లీగ్‌లోనూ ఆడేవి) ఒక్క నైపుణ్యం గట్టిగా ఉంటే చాలు, వయసు ఎక్కువైనా పర్వాలేదు.

ఎక్కువగా జరిగే తప్పులు

మార్చి మోజు మొదటిది. టోర్నమెంట్‌లో నాలుగైదు మ్యాచ్‌లు బాగా ఆడినవాణ్ని పదిహేను స్థానాలు పైకి లాగేస్తారు. ఆ మ్యాచ్‌ల్ని మిగతా 30 మ్యాచ్‌లతో కలిపే చూడండి.

రెండోది పోలిక. పాస్ ఇచ్చే లావుపాటి సెంటర్ కనబడగానే "ఇంకో యోకిచ్" (పాస్‌లకి పేరున్న ఎన్‌బీఏ సెంటర్) అనేయడం. పోల్చాలనిపిస్తే, అవే కొలతలు, అదే వయసు ఉన్న ఐదుగురి పేర్లు రాయండి, అందులో కనీసం ఇద్దరు విఫలమైనవాళ్లు ఉండాలి.

మూడోది, మొదటి ఏడాది పాయింట్లు చూసి మన అంచనా తప్పో ఒప్పో తేల్చేయడం. ఒకఫోర్ తొలి సీజన్‌లో మ్యాచ్‌కి 17.5 పాయింట్లు కొట్టి ఆల్-రూకీ మొదటి జట్టులో చేరాడు. ఆ ఏడాది అతని జట్టు ఫిలడెల్ఫియా 10 గెలిచి 72 ఓడింది. 2017 డిసెంబరుకల్లా అతన్ని బ్రూక్లిన్‌కి పంపేశారు.

మీ అంచనా సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

ముందు పాత డ్రాఫ్ట్ మీద సాధన చేయండి. ఎవరితోనైనా 2015, 2017, 2022 డ్రాఫ్ట్‌ల నుంచి పదిమంది బిగ్ మెన్ కాలేజీ అంకెల్ని పేర్లు లేకుండా రాయించుకోండి. అడుగు 1 నుంచి 4 వరకు చేసి వరసక్రమం పెట్టండి, తర్వాత పేర్లు తెరవండి. ఎక్కడ బోల్తాపడ్డారో చూస్తే మీరు దేనికి ఎక్కువ మార్కులు వేస్తున్నారో తెలిసిపోతుంది. దాదాపు అందరూ పాయింట్లకే వేస్తారు.

వీడియో పనికి వేరే పరీక్ష. అవే పది పిక్ అండ్ రోల్స్‌ని మీరు, ఇంకొకరు మాట్లాడుకోకుండా విడివిడిగా రాయండి. మూడింటికన్నా ఎక్కువచోట్ల తేడా వస్తే లోపం ఆటగాడిలో లేదు, మీ గుర్తుల నిర్వచనాల్లో ఉంది. వాటిని సరిచేసుకుని మళ్లీ రాయండి.

కొత్త డ్రాఫ్ట్‌కి మీరు రాసిన కాగితం మీద తేదీ వేసి దాచండి, దిద్దకండి. మూడేళ్ల తర్వాత తీసి పాయింట్లు వదిలేసి రెండే చూడండి: మ్యాచ్‌కి ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు, గట్టి మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో కోచ్ అతన్ని కోర్టులో ఉంచుతున్నాడా.

నాలుగైదు గంటలు దొరకనివాళ్లకి రెండు గంటల దారి: వయసు, అందే ఎత్తు, 40 నిమిషాల ఫౌళ్లు, బ్లాక్ శాతం, మొత్తం ఫ్రీ త్రోలు ఇరవై నిమిషాల్లో రాసేయండి. మిగిలిన సమయమంతా అతను ఓడిపోయిన ఒక్క మ్యాచ్‌ని, డిఫెన్స్ మాత్రమే, ఆపుకుంటూ చూడండి. అడుగు 6, 7 వదిలేసినట్టు కాగితం పైన స్పష్టంగా రాయండి, ఆ అంచనాకి మొదటి రౌండ్, రెండో రౌండ్ అన్నంతవరకే స్థానం ఇవ్వండి, అంకె వేయకండి.